డెన్వర్ ఫైనల్స్: శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పొద్దున్నే లేచి చూస్తున్నవాళ్లు ఉన్నారా?

గుజరాతీపేట పివట్ | 1 జూన్ 2023, రాత్రి 9:40

రేపు పొద్దున్న 6 గంటలకి మయామీ హీట్‌తో డెన్వర్ నగ్గెట్స్ ఫైనల్స్ మొదలు. ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే కప్పు. 1976లో ఎన్‌బీఏలోకి, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లోకి, వచ్చిన టీము నగ్గెట్స్. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఫైనల్స్ గడప తొక్కలేదు. ఈ ఏడు తొక్కింది. నాకు నిద్ర పట్టడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాది శ్రీకాకుళం, పాల బూత్ నడుపుతాను. నాలుగున్నరకి వ్యాన్ వస్తుంది, ట్రేలు దింపుకుని ఐదింటికల్లా షట్టర్ తీస్తాను. ఆరు నుంచి ఎనిమిది వరకు జనం బాగా ఉంటారు. సరిగ్గా మ్యాచ్ టైము అదే. అరలీటరు ప్యాకెట్ల ట్రేకి ఫోను ఆనించి పెట్టి, ఒక కన్ను చిల్లర మీద, ఒక కన్ను ఆట మీద. ఏప్రిల్ నుంచి ఇదే పని.

డెన్వర్ మీద ఇష్టం ఎలా పుట్టిందో చెప్తాను. 2003లో నాది డిగ్రీ మొదటి సంవత్సరం. హాస్టల్ టీవీలో ఒకరోజు లేత నీలం జెర్సీల టీము కనిపించింది. కార్మెలో ఆంథనీ అప్పుడే కొత్తగా వచ్చాడు. మా కాలేజీ జెర్సీ రంగు కూడా అదే. వేరే కారణమేమీ లేదు, ఆ రంగు చూసి మనవాళ్లే అనిపించింది. 2009లో వెస్ట్ ఫైనల్స్ దాకా, అంటే లీగ్‌లో పడమటి సగం టీముల ఫైనల్ దాకా, వెళ్లి లేకర్స్ చేతిలో 4-2తో ఓడారు. 2011లో కార్మెలో న్యూయార్క్ వెళ్లిపోయాడు. నేను మాత్రం డెన్వర్‌తోనే ఉండిపోయాను.

కొత్త కుర్రాళ్లని టీములు వంతులవారీగా ఎంచుకునే 2014 డ్రాఫ్ట్‌లో 41వ పేరుగా నికోలా యోకిచ్‌ని తీసుకున్నారు. సెర్బియాలో సోంబోర్ అనే ఊరి కుర్రాడు. అతన్ని తీసుకున్న నిమిషంలో అమెరికా టీవీలో ప్రకటన నడుస్తోంది, జనానికి పేరు అడుగున అక్షరాల్లో కనిపించిందంతే. ఆ కుర్రాడే రేపు ఫైనల్స్ ఆడబోతున్నాడు. మన వైపు నుంచి ఇంకెవరైనా చూస్తుంటే చెప్పండి. ఒక్కడినే ఈ టెన్షన్ మోయలేకపోతున్నాను.

రాజాం కుర్రోడు | 1 జూన్ 2023, రాత్రి 10:05

అన్నయ్యా, నేను చూస్తున్నాను గానీ నాది లేకర్స్. వెస్ట్ ఫైనల్స్‌లో మీవాళ్లు మమ్మల్ని 4-0తో పంపేశారు, ఇంకా మనసు కుదుటపడలేదు. ఆఖరి మ్యాచ్‌లో మా లెబ్రాన్ 40 పాయింట్లు కొట్టాడు, అయినా 113-111. అన్ని మ్యాచ్‌లూ దగ్గరదాకా వచ్చి పోయాయి. ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోవద్దు. మయామీ ఈస్ట్‌లో 8వ సీడ్, అంటే తూర్పు సగంలో ఎనిమిదో స్థానంలో ఉన్న టీము. దాన్ని కొట్టి కప్పు తెచ్చుకుంటే అందులో గొప్పేముంది?

గుజరాతీపేట పివట్ | 1 జూన్ 2023, రాత్రి 10:20

తమ్ముడూ, ఆ 8వ సీడే మొదటి సీడ్ మిల్వాకీని 4-1తో ఇంటికి పంపింది. బోస్టన్‌ని వాళ్ల కోర్టులోనే ఏడో మ్యాచ్‌లో ఓడించి వచ్చింది. నాకు మయామీ ఆటగాడు జిమ్మీ బట్లర్ అంటే నిజంగా భయం. పోగొట్టుకోవడానికేమీ లేనివాడితో ఆట చాలా కష్టం.

మూడు లాంతర్ల మేస్టారు | 1 జూన్ 2023, రాత్రి 10:48

విజయనగరం నుంచి. పిల్లలకి ఆటలు నేర్పి రిటైరైన పీఈటీని. బాస్కెట్‌బాల్ గురించి తెలుగులో ఎవరైనా రాస్తే ప్రాణం లేచొస్తుంది బాబూ. ఈ ఆటని 1891లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కూడా వ్యాయామం నేర్పే మేస్టారే. చలికాలంలో బయటికి వెళ్లలేని కుర్రాళ్లని కుదురుగా ఉంచడానికి పీచ్ పళ్ల బుట్టలు రెండు బాల్కనీ కమ్మీకి కొట్టి ఆట కట్టాడు. ఆ సంగతి మొదటి రోజే పిల్లలకి చెప్పేవాణ్ని.

రేపు చూసేటప్పుడు యోకిచ్ చేతులు చూడకండి, పాదాలు చూడండి. ఎగరలేడు, పరుగూ అంతంతమాత్రమే. కానీ బంతి అందకముందే ఎటు తిరగాలో అతని పాదాలు నిర్ణయం చేసేసుకుని ఉంటాయి.

ఆమదాలవలస నుంచి అరోరా | 1 జూన్ 2023, రాత్రి 11:30

మాది ఆమదాలవలస, ఇప్పుడుండేది డెన్వర్ పక్కనే అరోరాలో. ఊరంతా నీలం, పసుపు జెండాలే. మీకో సంగతి చెప్తాను. ఇక్కడ కేబుల్ కంపెనీకీ మ్యాచ్‌లు చూపించే లోకల్ ఛానెల్‌కీ 2019 నుంచి గొడవ. సొంత ఊళ్లోనే చాలామంది ఇళ్లలో మామూలు సీజన్ మ్యాచ్‌లు రావు. మా పక్కింటి పెద్దాయన రేడియో పెట్టుకుని వింటాడు. శ్రీకాకుళంలో పాల బూత్‌లో మీరు చూసినన్ని మ్యాచ్‌లు ఆయన చూసి ఉండడు. ఫైనల్స్ జాతీయ ఛానెల్‌లో వస్తాయి కాబట్టి ఇప్పుడు అందరూ చూస్తారు.

డెన్వర్ సముద్రమట్టానికి చాలా ఎత్తు అంటారే, అదీ నిజమే. 5,280 అడుగులు, సరిగ్గా మైలు. మొదట్లో మా అపార్ట్‌మెంట్ మెట్లెక్కితేనే ఆయాసం వచ్చేది.

గుజరాతీపేట పివట్ | 2 జూన్ 2023, ఉదయం 9:15

104-93. గెలిచాం! యోకిచ్ 27 పాయింట్లు, 10 రీబౌండ్లు (తప్పిపోయిన షాట్ బంతిని పట్టడం), 14 అసిస్టులు (బుట్టలో పడే షాట్‌కి ముందిచ్చిన పాస్). మొదటి ఫైనల్స్ మ్యాచ్‌లోనే ట్రిపుల్ డబుల్, అంటే మూడు లెక్కల్లోనూ పది, ఆపైన. మయామీకి మ్యాచ్ మొత్తం మీద రెండే ఫ్రీ త్రోలు, అంటే ఎదుటివాళ్ల ఫౌల్‌కి దొరికే షాట్లు.

రోజూ రెండు ప్యాకెట్లు తీసుకెళ్లే మామ్మగారు ఒకరున్నారు. ఇవాళ ఫోను వైపు చూసి, "ఆ పొడుగాటి అబ్బాయి బంతి చేతికొచ్చిన వెంటనే ఇచ్చేస్తాడేటి బాబూ, ఉంచుకోడా?" అని అడిగింది. 20 ఏళ్లుగా నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట అది.

నంబర్ 9 పలాస | 2 జూన్ 2023, మధ్యాహ్నం 1:10

నేనూ చూశాను! స్కూల్ టీములో, బంతి నడిపించే గార్డ్‌గా ఆడేదాన్ని. ఇప్పుడు ఆడటానికి చోటు లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా స్కూలు గ్రౌండులో ఒకవైపు స్తంభం వంగిపోయి రింగ్ నేలకి తాకింది. మా పీఈటీ సార్ ఆ రింగ్‌ని తెచ్చి వెల్డింగ్ షాపులో అతికించి, కొబ్బరి చెట్టు మొద్దుకి కట్టారు. పదడుగులకి రెండంగుళాలు తక్కువ. దాని మీదే నేర్చుకున్నాం. ఇప్పటికీ సరైన ఎత్తు రింగ్‌లోకి వేస్తే నా బంతి కాస్త ముందే పడుతుంది.

గుజరాతీపేట పివట్ | 5 జూన్ 2023, ఉదయం 10:30

రెండు రోజులు ఇక్కడికి రాబుద్ధి కాలేదు. శుక్రవారం రాత్రి బాలేశ్వర్ దగ్గర కోరమండల్ ప్రమాదం తర్వాత మా వీధిలో ఎవరి ఫోను మోగినా అందరూ ఆగి చూశారు. మన వైపు ప్రతి ఇంట్లోనూ ఆ రైలెక్కినవాళ్లు ఒకరైనా ఉంటారు. నంబర్ 9, మీ పలాస లైను కూడా అదే కదా, అందరూ క్షేమమేనా?

ఈ పొద్దున్న మ్యాచ్ పోయింది, 111-108. యోకిచ్ 41 కొట్టాడు, అసిస్టులు నాలుగే. ఆఖర్లో మన గార్డ్ జమాల్ ముర్రే వేసిన మూడు పాయింట్ల షాట్ రింగ్‌కి తగిలి బయటికొచ్చింది.

నంబర్ 9 పలాస | 5 జూన్ 2023, ఉదయం 11:02

మావాళ్లందరూ క్షేమమే అన్నా. అడిగినందుకు సంతోషం.

రాజాం కుర్రోడు | 5 జూన్ 2023, ఉదయం 11:20

41 కొట్టి ఓడితే అతని తప్పేముంది? మిగతావాళ్లు కొట్టాలి కదా.

మూడు లాంతర్ల మేస్టారు | 5 జూన్ 2023, మధ్యాహ్నం 12:05

తప్పెవరిదీ కాదు బాబూ. మయామీ కోచ్ ఒక లెక్క వేశాడు. యోకిచ్ ఒక్కడూ ఎంత కొట్టుకున్నా పరవాలేదు, మిగతా నలుగురికీ బంతి అందకూడదు. పాస్ వెళ్లే దారులన్నీ మూసేసి అతనికి రింగ్ దారి వదిలారు. తెలివైన ఎత్తుగడ. తర్వాతి మ్యాచ్‌లో ఆ దారులు మళ్లీ తెరవాల్సింది యోకిచ్ కాదు. బంతి లేనప్పుడు మిగతా నలుగురూ ఎటు కదులుతారన్నదే ముఖ్యం.

గుజరాతీపేట పివట్ | 5 జూన్ 2023, రాత్రి 10:15

మేస్టారూ, మీరు రాసింది చదివాక ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

2005లో మా కాలేజీ టీము అంతర్ కళాశాలల ఫైనల్ ఆడింది. నేను ఆరడుగుల ఒక అంగుళం, రింగ్ దగ్గర ఆడే పివట్‌ని. ఒక పాయింట్ వెనకబడి ఉన్నాం, తొమ్మిది సెకన్లు ఉంది. బంతి నా చేతికొచ్చింది, రింగ్‌కి వీపు పెట్టి ఉన్నాను. ఇద్దరు నా మీదకొచ్చారు. ఎడమవైపు మూలన మా గార్డ్ ఒక్కడే, చుట్టూ ఎవరూ లేరు. రెండు చేతులూ చాచి ఉన్నాడు, అరవలేదు కూడా. నేను వాణ్ని చూశాను. చూసి కూడా తిరిగి నేనే వేశాను. బోర్డుకి తగిలి, రింగ్ అంచు మీద ఒక చుట్టు తిరిగి బయటికి పడింది.

వాడు ఒక్క మాట అనలేదు. తిరుగు బస్సులో నా పక్క సీటులోనే కూర్చుని నిద్రపోయాడు. ఒక్క మాట తిట్టి ఉంటే ఆ రోజే అయిపోయేది.

యోకిచ్ ఆట చూస్తుంటే నాకు ఆ ఎడమ మూల కనిపిస్తుంది. వెనక్కి చూడకుండానే ఆ మూలకి బంతి పంపేస్తాడు, అక్కడున్నవాడు ఖాళీగా వేస్తాడు. ప్రతిసారీ నా గుండెల్లో ఏదో కాస్త సర్దుకుంటుంది. ఈ టీము కోసం ఇన్నాళ్లు ఎందుకు ఆగానని ఎవరైనా అడిగితే లేత నీలం రంగు అని చెప్తూ వచ్చాను. మొదలైంది రంగుతోనే. ఆగింది మాత్రం ఆ పాస్ కోసం.

ఆమదాలవలస నుంచి అరోరా | 5 జూన్ 2023, రాత్రి 11:50

అన్నా, చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మూడు లాంతర్ల మేస్టారు | 6 జూన్ 2023, ఉదయం 6:30

ఆ గార్డ్ ఇప్పుడెక్కడున్నాడు బాబూ?

గుజరాతీపేట పివట్ | 6 జూన్ 2023, ఉదయం 8:50

ఈ జిల్లాలోనే, మేస్టారూ. బస్సు డ్రైవర్. పెళ్లిళ్లలో కలుస్తుంటాం. ఆ మ్యాచ్ మాట మాత్రం ఇద్దరం ఎత్తం.

గుజరాతీపేట పివట్ | 8 జూన్ 2023, ఉదయం 9:05

109-94, మయామీలోనే గెలిచాం. యోకిచ్ 32 పాయింట్లు, 21 రీబౌండ్లు, 10 అసిస్టులు. ముర్రే 34, 10, 10. ఒకే టీములో ఇద్దరు ఒకే మ్యాచ్‌లో 30 పాయింట్లతో ట్రిపుల్ డబుల్ చేయడం ఎన్‌బీఏ చరిత్రలోనే ఇది మొదటిసారి.

ముర్రే గురించి ఒక్క మాట. 2021 ఏప్రిల్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. తర్వాతి సీజన్ మొత్తం ఆడలేదు. దెబ్బ తగిలిన రోజు కన్నీళ్లతో కోచ్ మాలోన్‌ని, ఇక నేను పాడైపోయిన సరుకునేగా, నన్ను అమ్మేస్తారా అని అడిగాడట. కోచ్ అతన్ని దగ్గరికి తీసుకుని, నువ్వు మావాడివి, నీకు తోడుంటాం అన్నాడట. ఇవాళ ఆ మోకాలితోనే 45 నిమిషాల దాకా పరిగెత్తాడు.

నంబర్ 9 పలాస | 8 జూన్ 2023, ఉదయం 9:40

మేస్టారూ, యోకిచ్, ముర్రే కలిసి ఆడే ఆ ఎత్తుగడ కాస్త విడమర్చి చెప్పరా? చూస్తే ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. అయినా ఎవరూ ఆపలేకపోతున్నారు.

మూడు లాంతర్ల మేస్టారు | 8 జూన్ 2023, ఉదయం 11:15

చెప్తానమ్మా. ముర్రే బంతి కొట్టుకుంటూ వస్తాడు. యోకిచ్ ఎదురొచ్చి, ముర్రేని కాస్తున్నవాడి దారిలో స్తంభంలా నిలబడతాడు. దాన్నే స్క్రీన్ అంటాం. ముర్రే ఆ భుజాన్ని రాసుకుంటూ దాటాలి, మధ్యలో బెత్తెడు సందు కూడా ఉండకూడదు. ఇప్పుడు యోకిచ్‌ని కాస్తున్నవాడికి రెండే దారులు. ముర్రే మీదకి వెళితే యోకిచ్ ఖాళీ. యోకిచ్‌తో ఉంటే ముర్రే ఖాళీ. సాయానికి మూడోవాడు వస్తే మూలన ఇంకొకడు ఖాళీ.

ఇంతవరకూ ఏ టీమైనా చేస్తుంది. వీళ్ల ప్రత్యేకత ఏమిటంటే బంతి ఇద్దరి మధ్యా రెండు మూడుసార్లు అటూ ఇటూ మారుతుంది. యోకిచ్‌కి ఇచ్చి ముర్రే ఆగిపోడు, మళ్లీ చుట్టు తిరిగి వస్తాడు. ఒకరి అడుగు ఒకరికి తెలియడానికి ఏడేళ్లు పట్టింది. నేను పిల్లలకి చెప్పేదీ ఇదే: పాస్ ఇచ్చాక నిలబడిపోకండి, ఇచ్చినవాడే ముందు కదలాలి.

రాజాం కుర్రోడు | 8 జూన్ 2023, మధ్యాహ్నం 3:30

ఇది చదివి మళ్లీ హైలైట్స్ పెట్టుకుని చూశాను. మా లేకర్స్ ఎక్కడ దొరికిపోయారో ఇప్పుడు అర్థమైంది. మేస్టారూ, మా కాలేజీలో కోర్టు ఉంది గానీ దాని మీద బైకులు పెడుతున్నారు. ప్రిన్సిపాల్‌గారికి అర్జీ రాద్దామనుకుంటున్నాం. మీరొకసారి చూసి దిద్దుతారా?

మూడు లాంతర్ల మేస్టారు | 8 జూన్ 2023, సాయంత్రం 5:00

తప్పకుండా. పంపించు బాబూ, ఇవాళే చూస్తాను.

గుజరాతీపేట పివట్ | 10 జూన్ 2023, ఉదయం 9:00

108-95. ఇప్పుడు 3-1. గోర్డన్ 27, బెంచి మీంచి వచ్చిన బ్రూస్ బ్రౌన్ 21. ముర్రే 12 అసిస్టులు ఇచ్చాడు, ఒక్క బంతి కూడా పోగొట్టుకోలేదు. మేస్టారు చెప్పినట్టే, మిగతా నలుగురూ కదిలారు.

ఇంకొక్కటి గెలిస్తే చాలు. అయినా ధైర్యంగా ఆ మాట అనలేను. 2020లో ఇదే డెన్వర్ 3-1తో వెనకబడి ఒకే ఏడాది రెండుసార్లు గెలిచింది, యూటా మీద, క్లిప్పర్స్ మీద. 3-1 అంటే అయిపోయినట్టు కాదని లోకానికి చూపించింది మనమే.

ఆమదాలవలస నుంచి అరోరా | 12 జూన్ 2023, రాత్రి 10:10

మాకింకా ఉదయమే. ఆఫీసులో ఎవరికీ పని మీద మనసు లేదు. సాయంత్రం పక్కింటి పెద్దాయన్ని మా ఇంటికి పిలిచాను. మా ఆవిడ పులిహోర చేస్తోంది.

గుజరాతీపేట పివట్ | 13 జూన్ 2023, ఉదయం 7:28

సగం ఆట అయింది. 51-44, మయామీ ముందుంది. మూడు పాయింట్ల షాట్లు ఒక్కటీ పడటం లేదు. ఫ్రీ త్రోలు కూడా పోతున్నాయి. కరెంటు పోయింది, ఫోను ఛార్జింగ్ 31 శాతం.

నంబర్ 9 పలాస | 13 జూన్ 2023, ఉదయం 7:31

వెలుతురు తగ్గించి చూడన్నా, సరిపోతుంది.

రాజాం కుర్రోడు | 13 జూన్ 2023, ఉదయం 8:24

బట్లర్!! వరసగా వేస్తూనే ఉన్నాడు, ఆపండి ఎవరైనా!

గుజరాతీపేట పివట్ | 13 జూన్ 2023, ఉదయం 8:29

బ్రౌన్ రీబౌండ్ పట్టి వేసేశాడు. 90-89, మనం ముందు. బూత్ ముందు ఆరుగురు నిలబడి చూస్తున్నారు, పాలు అడగటం లేదు.

గుజరాతీపేట పివట్ | 13 జూన్ 2023, ఉదయం 8:41

94-89

నంబర్ 9 పలాస | 13 జూన్ 2023, ఉదయం 8:42

అన్నా!!! ఏడుస్తున్నాను!

రాజాం కుర్రోడు | 13 జూన్ 2023, ఉదయం 8:45

అభినందనలు అన్నయ్యా. మనస్ఫూర్తిగా చెప్తున్నాను. ఈ పోస్టు-సీజన్ (మామూలు సీజన్ తర్వాతి పోటీలు) మొత్తం మీద పాయింట్లలో, రీబౌండ్లలో, అసిస్టుల్లో మూడింట్లోనూ యోకిచే మొదటివాడు. ఇంతకుముందు ఎవరూ చేయలేదు. లెబ్రాన్ అభిమానిని, ఒప్పుకుంటున్నాను.

ఆమదాలవలస నుంచి అరోరా | 13 జూన్ 2023, ఉదయం 10:20

ఇక్కడ రోడ్లన్నీ హారన్లే. పెద్దాయన మా సోఫాలో కూర్చుని ఏడ్చాడు, 1976 నుంచి చూస్తున్నాడట. గురువారం ఊరేగింపు. టీవీలో యోకిచ్‌ని అడిగితే పని అయిపోయింది, ఇక ఇంటికి వెళ్లొచ్చు అన్నాడు. ఊరేగింపు గురువారం అని చెప్తే, అయ్యో, ఇంటికి వెళ్లాలే అన్నాడు. అక్కడ గుర్రాలున్నాయి మరి.

గుజరాతీపేట పివట్ | 13 జూన్ 2023, మధ్యాహ్నం 2:40

ఇప్పుడే బూత్ మూసి ఇంటికొచ్చాను. ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. ఆ టైములో వేళ్లు ఆడలేదు.

మూడు పాయింట్ల షాట్లు 28 వేస్తే 5 పడ్డాయి. అలాంటి రోజున కూడా గెలిచారంటే కారణం బ్రౌన్ రీబౌండ్, మన కాల్డ్‌వెల్-పోప్ మయామీ బట్లర్ పాస్‌ని లాక్కున్న ఆ ఒక్క క్షణం. యోకిచ్ 28 పాయింట్లు, 16 రీబౌండ్లు. జెఫ్ గ్రీన్ మొహం చూశారా? 36 ఏళ్లు, 2012లో గుండెకి ఆపరేషన్ అయింది, ఇదే మొదటి టైటిల్. నేను అతన్నే చూస్తూ ఉండిపోయాను.

మామ్మగారు ఆఖరి రెండు నిమిషాలూ నా స్టూలు మీద కూర్చుని చూసింది. అయిపోయాక, "మనోళ్లేనా గెలిచింది?" అంది. మనోళ్లే మామ్మా అన్నాను. ఇవాళ ఆమె దగ్గర డబ్బులు తీసుకోలేదు.

మధ్యాహ్నం వాడికి ఫోన్ చేశాను. మా గార్డ్‌కి. డిపోలో ఉన్నాడు, బస్సు తీయడానికి పది నిమిషాలుంది. 2005 సంగతి ఎత్తాను. ఎడమ మూలన నిన్ను చూశాన్రా, చూసే ఇవ్వలేదు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తెలుసురా, నువ్వు చూడటం నేనూ చూశాను" అన్నాడు. బస్సు టైమైందని పెట్టేశాడు.

మూడు లాంతర్ల మేస్టారు | 13 జూన్ 2023, సాయంత్రం 4:10

మళ్లీ చేస్తాడు బాబూ. చూస్తూండు.

గుజరాతీపేట పివట్ | 13 జూన్ 2023, రాత్రి 8:55

చేశాడు మేస్టారూ. ఆదివారం వాడికి సెలవట. సాయంత్రం ఐదున్నరకి పాత కాలేజీ కోర్టుకి రమ్మన్నాడు, బంతి నన్ను తెమ్మన్నాడు. అటక మీంచి దింపాను. గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉంది, గాలి లేదు. సూది దొరకలేదు, ఏడు రోడ్ల దగ్గర సైకిల్ షాపులో ఉంటుందన్నారు. రేపు పాలు పోసేశాక వెళ్తాను.